ఆన్‌లైన్ చెస్‌లో బటన్ల వల్ల ఓడిపోకుండా సెట్టింగులు ఎలా సర్దుకోవాలి

ఆన్‌లైన్‌లో చెస్ ఆడేవాళ్లు ఓడిపోయే ఆటల్లో కొన్నింటికి చదరంగంతో సంబంధమే ఉండదు. మంత్రిని వదలాల్సిన గడికి ఒక్క గడి ఇవతలే వేలు జారుతుంది. ఏనుగు కావాల్సిన చోట మంత్రి వచ్చి కూర్చుని, గెలిచిన ఆట కాస్తా స్టేల్‌మేట్ అయిపోతుంది, అంటే చెక్ లేకపోయినా వేయడానికి ఎత్తే మిగలక డ్రా. గడియారం పక్కన ప్లస్ గుర్తు కనిపించిందని నొక్కితే అవతలి మనిషికి 15 సెకన్లు దానమైపోతాయి. ఈ సైట్లలో ముందుగా పెట్టి ఉండే సెట్టింగులు చాలావరకు ఒక నిమిషం, మూడు నిమిషాల ఆటలు చకచకా ఆడేసేవాళ్ల చేతికి తగ్గట్టు ఉంటాయని నా అభిప్రాయం. పది నిమిషాల ఆట నింపాదిగా ఆడుకునేవాళ్లు మొదటి రోజే ఓ అరగంట కూర్చుని వాటిని మార్చుకోవాలి. ఎలాగో వరసగా చెప్తాను.

ఇక్కడ చెప్పేవన్నీ రెండు సైట్ల గురించే. ఒకటి లిచెస్. ఫ్రాన్స్‌కు చెందిన ప్రోగ్రామర్ తిబో డ్యుప్లెసి 2010లో మొదలుపెట్టాడు. పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు, విరాళాల మీద నడుస్తుంది. రెండోది చెస్.కామ్. 2007లో వచ్చింది, ఉచితంగా ఆడుకోవచ్చు కానీ కొన్ని సౌకర్యాలకు డబ్బు కట్టాలి. మెనూల పేర్లు ఇంగ్లిష్‌లో ఎలా ఉంటాయో అలాగే తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. అప్‌డేట్లు వచ్చినప్పుడు బటన్లు ఒక మూల నుంచి ఇంకో మూలకి మారుతుంటాయి, కాబట్టి బటన్ ఎక్కడుందో కన్నా దాని పేరు గుర్తుపెట్టుకోండి.

మొదటి పని: సెట్టింగుల పేజీ దొరకబుచ్చుకోండి

వీలైతే ఈ పని కంప్యూటర్‌లో చేయండి. ఫోన్ యాప్‌లలో సగం సెట్టింగులు మూడు గీతల మెనూ వెనక దాక్కుని ఉంటాయి. లిచెస్‌లో లాగిన్ అయ్యాక పైన కుడివైపు మీ పేరు నొక్కి ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లండి. ఎడమవైపు డిస్‌ప్లే, చెస్ క్లాక్, గేమ్ బిహేవియర్ అని విడివిడిగా ఉంటాయి. అసలు సరుకంతా గేమ్ బిహేవియర్‌లో ఉంది. చెస్.కామ్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్తే బోర్డుకీ ఆటకీ సంబంధించిన విభాగాలు కనిపిస్తాయి. ఆడుతున్నప్పుడు బోర్డు పక్కనుండే పళ్లచక్రం గుర్తు నొక్కినా అక్కడికే చేరతారు.

యాప్‌లో మార్చినవి వెబ్‌సైట్‌లోనూ, అక్కడ మార్చినవి ఇక్కడా వర్తిస్తాయని అనుకోకండి. రెండూ వాడేవాళ్లు రెండు చోట్లా ఒకసారి చూసుకోవాలి.

రెండో పని: పావును ఎలా కదపాలో తేల్చుకోండి

పావును లాగి వదలడం ఒక పద్ధతి. పావును నొక్కి, తర్వాత అది వెళ్లాల్సిన గడిని నొక్కడం ఇంకో పద్ధతి. రెండు సైట్లూ మొదట్లో రెంటినీ అనుమతిస్తాయి. చిక్కంతా అక్కడే. ఒక పావును ఊరికే నొక్కి ఆలోచిస్తూ, మనసు మార్చుకుని ఇంకెక్కడో నొక్కుతారు. మొదట నొక్కిన పావు ఆ గడిలోకి వెళ్లి కూర్చుంటుంది. లిచెస్‌లో హౌ డూ యూ మూవ్ పీసెస్ అనే ప్రశ్న దగ్గర, చెస్.కామ్‌లో మూవ్ మెథడ్ దగ్గర ఏదో ఒక్కటే ఎంచుకోండి.

కంప్యూటర్‌లో మౌస్ ఉంటే లాగడం మంచిది. ఫోన్‌లో మాత్రం నొక్కడమే మేలు. ఎందుకంటే ఈ మధ్య ఫోన్లలో స్క్రీన్ అంచు నుంచి వేలు లోపలికి జరిపితే బ్యాక్ వెళ్లినట్టు లెక్క. బోర్డు స్క్రీన్ వెడల్పంతా పరుచుకుని ఉంటుంది కాబట్టి, ఎడమ చివరి వరుసలోని ఏనుగును పక్కకి లాగబోతే ఏనుగు కదలకపోగా ఆటలోంచే బయటికి వచ్చేస్తారు. గడియారం మాత్రం నడుస్తూనే ఉంటుంది. పైగా లాగేటప్పుడు వేలి కిందే పావు ఉంటుంది, ఏ గడిలో వదులుతున్నామో మనకే కనిపించదు.

క్యాస్లింగ్‌కి (రాజునూ ఏనుగునూ ఒకే ఎత్తులో కదపడానికి) కూడా లిచెస్‌లో రెండు దారులున్నాయి: రాజును రెండు గడులు జరపడం, లేదా రాజును ఏనుగు మీద వేయడం. రెండు గడులు జరపడమే అలవాటు చేసుకోండి, ఎక్కడైనా పనికొస్తుంది.

మూడో పని: ప్రీమూవ్ ఆపేయండి

అవతలివాళ్ల వంతు నడుస్తుండగానే మన తర్వాతి ఎత్తు వేసి పెట్టుకోవడాన్ని ప్రీమూవ్ అంటారు. వాళ్లు ఆడీ ఆడగానే మన ఎత్తు దానంతటదే పడిపోతుంది. లిచెస్‌లో దీనికి సమయం అసలు ఖర్చు కాదు. చెస్.కామ్‌లో ఒక్కో ప్రీమూవ్‌కి సెకనులో పదో వంతు పోతుంది. లిచెస్‌లో ఒక్క ఎత్తే ముందుగా పెట్టగలం, చెస్.కామ్‌లో వరసగా చాలా పెట్టుకోవచ్చు. నిమిషం ఆటల్లో ఇది లేకపోతే బతకలేం, నిజమే. కానీ పది నిమిషాల ఆటలో దీనివల్ల మిగిలే సమయం ఏమంత కాదు, పోయే పావులు మాత్రం చాలా ఉంటాయి.

ఎలా పోతాయో ఒక ఉదాహరణ చూడండి. మీవి నల్లపావులు. తెల్లవాళ్లు మంత్రి ముందున్న బంటును డీ4కి జరిపారు (అక్షరం నిలువు వరుసకి, అంకె అడ్డు వరుసకి). మీరు జీ6 ఆడి, ఎలాగూ నా శకటు జీ7లోకే కదా అని ప్రీమూవ్ పెట్టేశారు. వాళ్లు ఏమీ ఎరగనట్టు తమ శకటును తెచ్చి హెచ్6లో పెట్టారు. మామూలుగా అయితే అది ఊరికే దొరికిన శకటు, ఎఫ్8లోని మీ శకటుతో చంపేస్తే సరిపోయేది. కానీ మీ ప్రీమూవ్ అప్పటికే పడిపోయింది, మీ శకటు జీ7లో ఉంది. వాళ్ల శకటు దాన్ని చంపి, మూలలో ఇరుక్కున్న మీ ఏనుగుకు గురిపెడుతుంది. ఆ ఏనుగుకు పక్కన సొంత గుర్రం, ముందు సొంత బంటు, కదిలే దారి లేదు. మూడో ఎత్తుకే ఒక శకటు పోయింది, ఏనుగు కూడా పోబోతోంది. వేగంగా ఆడేవాళ్లకి ఈ ఎర బాగా తెలుసు.

లిచెస్‌లో గేమ్ బిహేవియర్ కింద ప్రీమూవ్స్ దగ్గర నో అని పెట్టండి. చెస్.కామ్‌లో ఎనేబుల్ ప్రీమూవ్స్ ఆఫ్ చేయండి. పూర్తిగా వదులుకోవడం ఇష్టం లేకపోతే ఒక్క రకానికే వాడుకోండి: తిరిగి చంపడానికి. మీ గుర్రాన్ని వాళ్లు చంపబోతున్నారు, అదే గడిలోకి మీ బంటును ప్రీమూవ్ పెట్టారనుకుందాం. వాళ్లు చంపకపోతే ఆ గడిలో మీ గుర్రమే ఉంటుంది కాబట్టి ఆ ఎత్తు చెల్లదు, దానంతటదే రద్దవుతుంది. ఖాళీ గడిలోకి పెట్టే ప్రీమూవ్‌కి ఈ రక్షణ ఉండదు.

పెట్టిన ప్రీమూవ్ వద్దనుకుంటే కంప్యూటర్‌లో బోర్డు మీద మౌస్ కుడి బటన్ నొక్కితే పోతుంది.

నాలుగో పని: బంటు చివరి వరుస చేరినప్పుడు ఏం జరగాలో చెప్పి పెట్టండి

చెస్.కామ్‌లో ఆల్వేస్ ప్రమోట్ టు క్వీన్ అని ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే సైట్ మిమ్మల్ని ఏమీ అడగదు, బంటు చివరికి చేరగానే మంత్రి అయిపోతుంది. దాన్ని ఆఫ్ చేయండి. లిచెస్‌లో ప్రమోట్ టు క్వీన్ ఆటోమేటికల్లీ దగ్గర మూడు ఎంపికలుంటాయి: నెవర్, ప్రీమూవ్ పెట్టినప్పుడు మాత్రమే, ఆల్వేస్. నెవర్ పెట్టండి. ఆల్వేస్‌లోనే ఉంచుకుంటానంటే, కంట్రోల్ కీ నొక్కిపట్టి బంటును కదిపితే ఆ ఒక్కసారికి మిమ్మల్ని అడుగుతుంది.

ఎప్పుడూ మంత్రినే కదా తీసుకుంటాం, అడగడం ఎందుకు అంటారా? దీన్ని చదివి ఒప్పుకోవడం కన్నా చేసి చూడటం తేలిక. లిచెస్‌లో టూల్స్ మెనూలో బోర్డ్ ఎడిటర్ తెరవండి. బోర్డంతా ఖాళీ చేసి మూడే పావులు పెట్టండి: తెల్ల రాజు ఎఫ్6లో, తెల్ల బంటు ఎఫ్7లో, నల్ల రాజు హెచ్7లో. వంతు తెల్లవాళ్లది. కంటిన్యూ ఫ్రమ్ హియర్ నొక్కి, కంప్యూటర్‌తో ఆడే ఎంపిక తీసుకోండి. ఇప్పుడు బంటును ఎఫ్8కి జరిపి మంత్రిని ఎంచుకోండి. నల్ల రాజుకు చెక్ లేదు, కానీ వెళ్లడానికి ఒక్క గడి కూడా లేదు. స్టేల్‌మేట్, ఆట డ్రా. మళ్లీ అదే స్థితి పెట్టి ఈసారి ఏనుగును ఎంచుకోండి. రాజు హెచ్6లోకి తప్ప ఎక్కడికీ వెళ్లలేడు. వెళ్లగానే మీ ఏనుగును హెచ్8కి జరిపితే మేట్.

ఇదే స్థితిని నాలుగైదుసార్లు ఆడండి. చదరంగం కోసం అక్కర్లేదు, చేతికి అలవాటవడానికి. లిచెస్‌లో బంటు చివరికి చేరగానే అదే నిలువు వరుసలో నాలుగు పావుల బొమ్మలు వరసగా తెరుచుకుంటాయి: మంత్రి, గుర్రం, ఏనుగు, శకటు. గడియారంలో ఎనిమిది సెకన్లు మిగిలి ఉన్నప్పుడు ఆ డబ్బా మొదటిసారి చూస్తే ఎవరికైనా టెన్షనే. మీకు గుర్తొచ్చిన పావుల క్రమం, డబ్బాలో ఉన్న క్రమం ఒకటి కాకపోవచ్చు. బొమ్మ చూసి నొక్కండి, స్థానాన్ని బట్టి నొక్కకండి.

ఐదో పని: బోర్డు పక్కనున్న గుర్తులు ఏం చేస్తాయో నేర్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే ఉంటుంది. గుర్తులకి పక్కన పేర్లు ఉండవు. మౌస్ పెట్టి ఆగితే పేరు కనిపిస్తుంది, ఫోన్‌లో ఆ సౌకర్యమూ లేదు.

జెండా గుర్తు అంటే రిజైన్, అంటే ఓటమి ఒప్పుకోవడం. ఇది చెస్ ఆడేవాళ్లనే తికమక పెడుతుంది. పాత గడియారాల్లో సమయం అయిపోతే చిన్న జెండా పడేది, ఇప్పటికీ సమయంతో ఓడిపోతే ఫ్లాగ్ అయ్యాడు అంటారు. అవతలివాళ్ల గడియారం సున్నాకి వచ్చింది కదా, జెండా నొక్కి గెలుపు అడగాలేమో అనుకుని నొక్కేస్తే పని అయిపోయినట్టే. ఆన్‌లైన్‌లో సమయం అయిపోతే సైట్ తనే ఆట ముగిస్తుంది, మీరేమీ నొక్కక్కర్లేదు.

లిచెస్‌లో ఇదే చోట ఇంకో తిరకాసు ఉంది. ఆట మొదలైన కొత్తలో అక్కడ ఇంటూ గుర్తు ఉంటుంది. అది అబార్ట్, ఆట జరగనట్టే రద్దవుతుంది, రేటింగ్ (మీ ఆట స్థాయిని చూపే అంకె) పోదు. ఇద్దరూ మొదటి ఎత్తు ఆడేశాక ఆ ఇంటూ పోయి జెండా వస్తుంది. రద్దు చేద్దామని చేయి వెళ్లేలోపు అది రిజైన్‌గా మారిపోయి ఉండొచ్చు. అబార్ట్ కూడా మాటిమాటికీ చేస్తే కాసేపు కొత్త ఆటలు ఆడనివ్వదు.

½ గుర్తు డ్రా అడగడానికి. అవతలివాళ్లు డ్రా అడిగినప్పుడు వద్దనుకుంటే ఆ గుర్తులతో కుస్తీ పడకండి. మీ ఎత్తు మీరు ఆడేస్తే వద్దన్నట్టే లెక్క.

వెనక్కి తిరిగిన బాణం లిచెస్‌లో టేక్‌బ్యాక్, అంటే వేసిన ఎత్తు వెనక్కి తీసుకుంటానని అవతలివాళ్లని అడగడం. ఇది కాస్త జాగ్రత్తగా చూడాల్సిన విషయం. వాళ్లు మంత్రిని పోగొట్టుకుని ఇలా అడిగితే మీ స్క్రీన్ మీద టిక్ గుర్తు, ఇంటూ గుర్తు వస్తాయి. అదేదో మామూలు మెసేజ్ అనుకుని టిక్ నొక్కితే వాళ్ల మంత్రి వాళ్లకి తిరిగి వెళ్లిపోతుంది. గేమ్ బిహేవియర్‌లో టేక్‌బ్యాక్స్ దగ్గర ఇన్ క్యాజువల్ గేమ్స్ ఓన్లీ అని పెట్టండి. స్నేహితులతో ఊరికే ఆడే ఆటల్లో మాత్రం ఉంటుంది, రేటింగ్ ఆటల్లో అడిగే అవకాశమే ఉండదు.

ఇక ప్లస్. లిచెస్‌లో అవతలివాళ్ల గడియారం పక్కన కనిపించే ప్లస్ గుర్తు వాళ్లకి 15 సెకన్లు ఇస్తుంది. మర్యాదకి పెట్టిన బటన్, నెట్ పోయి తిరిగొచ్చినవాళ్లకి ఇవ్వడానికి బాగుంటుంది. చెస్ క్లాక్ విభాగంలో గివ్ మోర్ టైమ్‌ని నెవర్ చేస్తే గుర్తే కనిపించదు.

ఇవన్నీ అయ్యాక చివరగా, రిజైన్‌కీ డ్రాకీ ముందు మళ్లీ అడిగే కన్ఫర్మ్ సెట్టింగ్ రెండు సైట్లలోనూ ఆన్‌లో ఉందో లేదో చూడండి. దీన్ని ఆఫ్ చేసి ఎవరు ఏం బావుకుంటారో నాకు అర్థం కాదు.

ఆరో పని: ఆట మొదలుపెట్టే ముందు అంకెలు చదవండి

లిచెస్‌లో 3+2 అని, చెస్.కామ్‌లో మధ్యలో నిలువు గీతతో 3|2 అని రాస్తారు. రెండూ ఒకటే: ఒక్కొక్కరికి 3 నిమిషాలు, ఆడిన ప్రతి ఎత్తుకీ 2 సెకన్లు కలుస్తాయి. 10+0 అంటే పది నిమిషాలే, కలిసేదేమీ లేదు. కొత్తవాళ్లకి నా సలహా 15+10. చివర్లో పది సెకన్లు ఎప్పుడూ చేతిలో ఉంటాయి కాబట్టి కంగారులో తప్పుడు బటన్ నొక్కే బాధ తగ్గుతుంది.

ఆట ఎంత వేగంగా సాగుతుందో చెప్పే బ్లిట్జ్, ర్యాపిడ్ అన్న పేర్లు రెండు సైట్లలో ఒకేలా ఉండవు. లిచెస్ ఒక ఆటకి 40 ఎత్తులు పడతాయని లెక్కేస్తుంది. అంటే 5+5 ఆటకి 300 సెకన్లు, దానికి 40 సార్లు 5 కలిపితే 500 సెకన్లు. ఎనిమిది నిమిషాలు దాటింది కాబట్టి అది అక్కడ ర్యాపిడ్. చెస్.కామ్‌లో 5 నిమిషాల ఆటలు బ్లిట్జ్ కింద, 10 నిమిషాలవి ర్యాపిడ్ కింద వస్తాయి. 30+0 ఆట లిచెస్‌లో క్లాసికల్, చెస్.కామ్‌లో ర్యాపిడే. ప్రతి విభాగానికీ వేరే రేటింగ్ ఉంటుంది కాబట్టి, నిన్నటి ఆట రేటింగ్ ఏమైందని వెతుక్కునే ముందు ఏ విభాగంలో ఆడారో చూసుకోండి.

చెస్.కామ్‌లో డైలీ అని ఉండే ఆటలు వేరు. అక్కడ 3 డేస్ అంటే ఆట మొత్తానికి మూడు రోజులని కాదు, ఒక్కో ఎత్తుకు మూడు రోజుల గడువని. ఆట నెలల తరబడి సాగొచ్చు. తెలియక మొదలుపెట్టి యాప్ మూసేసి మర్చిపోతే, గడువు దాటిన రోజున ఓడిపోయారని కబురు వస్తుంది.

పెద్ద బటన్ నొక్కి వెంటనే ఆడే ఆటలు, లాగిన్ అయి ఉంటే, మామూలుగా రేటెడ్ ఆటలే. ఈ సెట్టింగులన్నీ సరి చూసుకోవడానికి కంప్యూటర్‌తోనో, క్యాజువల్ అని పెట్టి స్నేహితులతోనో ఆడండి. స్నేహితులు పంపిన లింకు తెరిచేముందు వేరియంట్ (ఏ నియమాలతో ఆడే ఆట) పేరు కూడా చూడండి. స్టాండర్డ్ బదులు యాంటీచెస్ అని ఉంటే అక్కడ పావులన్నీ పోగొట్టుకున్నవాళ్లే గెలుస్తారు.

ఏడో పని: బోర్డు బిగుసుకుపోయిందనిపిస్తే

ఆట మధ్యలో పావు కదలడం లేదు, గడియారం పరుగెడుతోంది. సైట్ హ్యాంగ్ అయిందని పేజీ రీలోడ్ చేసే ముందు ఒక్కటి చూడండి: మీరు చూస్తున్నది పాత స్థితి కావచ్చు. కీబోర్డులో ఎడమ బాణం నొక్కినా, లిచెస్‌లో బోర్డు మీద మౌస్ చక్రం తిప్పినా ఆట వెనక్కి జరిగి పాత ఎత్తులు చూపిస్తుంది. కుడి బాణాన్ని చివరిదాకా నొక్కితే, లేదా ఎత్తుల జాబితాలో చివరి ఎత్తు మీద నొక్కితే అసలు ఆటలోకి వస్తారు. లిచెస్‌లో చక్రంతో వెనక్కి వెళ్లే సెట్టింగ్‌ని గేమ్ బిహేవియర్‌లోనే ఆపేయొచ్చు.

బోర్డు తలకిందులైతే అది కూడా చేతి తప్పే. లిచెస్‌లో ఎఫ్ కీ నొక్కితే బోర్డు తిరగబడుతుంది, మళ్లీ నొక్కితే సరవుతుంది. అంచుల్లో ఒకటి నుంచి ఎనిమిది అంకెలు కనిపించేలా కోఆర్డినేట్స్ ఆన్‌లో ఉంచితే ఏది కిందో వెంటనే తెలుస్తుంది. గడుల మీద రంగు బాణాలు, వృత్తాలు వచ్చాయంటే మౌస్ కుడి బటన్ నొక్కుకుపోయిందన్నమాట. ఎడమ బటన్‌తో బోర్డు మీద ఒకసారి నొక్కితే పోతాయి.

స్క్రీన్ మీద ఉన్నవి మరీ ఎక్కువనిపిస్తే లిచెస్‌లో జెడ్ కీ నొక్కండి. జెన్ మోడ్ అంటారు, బోర్డూ గడియారమూ తప్ప దాదాపు అన్నీ మాయమవుతాయి. చెస్.కామ్‌లో ఇలాంటిదే ఫోకస్ మోడ్. అవతలివాళ్ల రేటింగ్ చూసి భయపడేవాళ్లకి ఇది ఇంకా మంచిది.

ఫోన్‌లో నిదానంగా ఆడేవాళ్లకి మూవ్ కన్ఫర్మేషన్ కూడా ఉంది. ఎత్తు వేశాక టిక్ నొక్కితేనే అది ఖాయమవుతుంది. లిచెస్‌లో ఏ ఏ రకం ఆటలకి కావాలో విడివిడిగా ఎంచుకోవచ్చు. క్లాసికల్‌కీ, రోజుల తరబడి సాగే ఆటలకీ పెట్టుకోండి. బ్లిట్జ్‌కి వద్దు, సమయమంతా టిక్కులకే సరిపోతుంది.

ఎనిమిదో పని: ఆట అయ్యాక వచ్చే గుర్తుల్ని సరిగ్గా చదవండి

విశ్లేషణలో +1.5 అని కనిపిస్తే మీరు మెరుగ్గా ఉన్నారని అర్థం కాదు. ప్లస్ ఎప్పుడూ తెల్లవాళ్లకి, మైనస్ నల్లవాళ్లకి. మీరు నల్లపావులతో ఆడి, బోర్డు మీ వైపు తిరిగి ఉన్నా ఈ గుర్తు తిరగదు. అంకె విలువ సుమారుగా బంట్ల లెక్క: +1.5 అంటే తెల్లవాళ్లు ఒకటిన్నర బంటు పైచేయిగా ఉన్నట్టు. అంకెకి ముందు చెస్.కామ్‌లో ఎం అక్షరం, లిచెస్‌లో హాష్ గుర్తు ఉంటే ఆ అంకె ఎంతో అన్ని ఎత్తుల్లో మేట్ ఉందని.

రేటింగ్ పక్కన ప్రశ్నార్థకం ఉంటే లిచెస్ ఇంకా మీ స్థాయిని అంచనా వేస్తోందని. కొత్త ఖాతా 1500తో మొదలవుతుంది, మొదట్లో ఒక్క ఓటమికే రేటింగ్ బాగా కిందికి జారుతుంది. ప్రశ్నార్థకం పోయేదాకా దాన్ని పట్టించుకోవద్దు. లిచెస్‌లో 1500 వచ్చినంత మాత్రాన చెస్.కామ్‌లోనూ 1500 రాదు, రెండూ వేరువేరు కొలతలు.

చెస్.కామ్ గేమ్ రివ్యూలో రెండు ఆశ్చర్యార్థకాలతో బ్రిలియంట్ అని వస్తే సంబరమే, కానీ అది ఎక్కువగా పావును బలిచ్చిన మంచి ఎత్తుకి దక్కే ముద్ర. ఎన్ని బ్రిలియంట్లు వచ్చాయో లెక్కపెట్టే బదులు రెండు ప్రశ్నార్థకాలున్న బ్లండర్ల దగ్గర ఆగండి. అందులో ఎన్ని ఆలోచించి వేసినవి, ఎన్ని వేలు జారినవి అని చూడండి. వేలు జారినవే ఎక్కువుంటే రెండో పనికి మళ్లీ వెళ్లాలి. ఉచిత ఖాతాకి పూర్తి రివ్యూలు పరిమితంగానే ఇస్తారు. లిచెస్‌లో రిక్వెస్ట్ ఎ కంప్యూటర్ అనాలిసిస్ నొక్కితే డబ్బు అడగదు.

ఒక ఫలితం మాత్రం చాలామందికి సైట్ తప్పులా కనిపిస్తుంది. మీకు బంట్లున్నాయి, అవతల రాజూ ఒక్క గుర్రమే మిగిలాయి, మీ సమయం అయిపోయింది. చెస్.కామ్‌లో ఇది డ్రా, ఎందుకంటే ఒక్క గుర్రంతో బలవంతంగా మేట్ చేయలేరని దాని లెక్క. లిచెస్‌లో మీరు ఓడిపోతారు. అది అంతర్జాతీయ సమాఖ్య ఫిడె నియమాన్ని పాటిస్తుంది: ఎంత వింతగా ఆడినా సరే, మేట్ అయ్యే దారి ఒక్కటైనా ఉంటే ఓటమే.

ఆట నడుస్తుండగా మాత్రం విశ్లేషణ బోర్డు జోలికి వెళ్లొద్దు. ఇంకో ట్యాబ్‌లో ఇంజిన్ (మంచి ఎత్తులు చెప్పే ప్రోగ్రామ్) తెరవడానికి మిమ్మల్ని ఏ బటనూ ఆపదు. దొరికితే ఖాతా మూసేస్తారు.

పిల్లలకి ఫోన్ ఇచ్చే ముందు

లిచెస్‌లో కిడ్ మోడ్ ఉంది. ఆన్ చేస్తే చాట్, మెసేజ్‌లు ఆగిపోతాయి. చెస్.కామ్‌లో చాట్‌ని సెట్టింగుల్లో ఆపాలి. అదే సంస్థ పిల్లల కోసం చెస్‌కిడ్ అని వేరే సైట్ నడుపుతోంది.

ఇంకోటి చెస్.కామ్ సభ్యత్వం ఉచిత ట్రయల్. ఆట ముగిసిన ఉత్సాహంలో కనిపించే రంగు బటన్లలో ఏది మళ్లీ ఆడటానికో, ఏది సభ్యత్వానికో పిల్లలకి తెలియదు. ఫోన్‌లో కార్డు గానీ యూపీఐ గానీ కలిపి ఉంటే ట్రయల్ గడువు దాటగానే డబ్బు కట్ అవుతుంది. యాప్ తీసేసినంత మాత్రాన సభ్యత్వం ఆగదు. ఆండ్రాయిడ్‌లో అయితే ప్లే స్టోర్‌లో మీ ఫొటో నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి.

మీవాళ్లని టోర్నమెంట్లకి పంపుతున్నట్టయితే స్క్రీన్ నేర్పిన అలవాట్లు కొన్ని మాన్పించాలి. ఎత్తు వేశాక గడియారం నొక్కడం మర్చిపోతారు, ఆన్‌లైన్‌లో అది దానంతటదే మారుతుంది కదా. పావుల మీద ఊరికే వేలు పెట్టి ఆలోచిస్తారు, అక్కడ ముట్టుకున్న పావునే ఆడాలి. క్యాస్లింగ్‌లో ముందు ఏనుగును పట్టుకుంటే ఆ ఎత్తుకి ఆ వైపు క్యాస్లింగ్ కుదరదు. బంటు చివరికి చేరితే మంత్రి దానంతటదే రాదు, తెచ్చి పెట్టాలి. వారంలో ఒక రోజైనా చెక్క బోర్డు మీద, గడియారం పెట్టి ఆడించండి.